కువైట్ దగ్గర నేర్చుకోవాల్సింది సముద్రాన్ని మరిగించడం కాదు

ఎండలు ముదిరి, ట్యాంకర్ దగ్గర బిందెల వరుస పెరిగేసరికి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "గల్ఫ్‌లో సముద్రాన్నే మంచినీళ్లు చేసుకుని తాగుతున్నారు. మనకు ఇన్ని నదులుండి ఏం లాభం?" మా భిలాయి క్యాంప్ 2లోనూ ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ వెల్డింగో, ఫిట్టర్ పనో నేర్చుకుని గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్లున్నారు. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల్లోనైతే కువైట్ పక్క ఊరంత పరిచయం. అక్కడ కుళాయి తిప్పితే చాలు నీళ్లు ధారగా వస్తాయని వాళ్లు చెబుతారు. అది నిజమే. ఆ ధార వెనుక ఏముందన్నదే చాలామందికి తెలియని సంగతి. అది తెలియకుండా కువైట్‌ను ఆదర్శంగా చూపించడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

కువైట్‌లో ఏడాదికి కురిసే వాన 110 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మా దుర్గ్ జిల్లాలో దానికి దాదాపు పదింతలు కురుస్తుంది. నది లేదు, చెరువు లేదు. అయినా అక్కడ ఊరెందుకు వెలిసిందంటే రేవు బాగుంది కాబట్టి. పడవలు ఆగడానికి అనువైన అఖాతం, ముత్యాల వేట, బస్రా నుంచి మన మలబారు తీరం దాకా సాగిన ఖర్జూరం, కలప వ్యాపారం. ఊరిని కట్టింది సముద్రం. దాహం తీర్చింది మాత్రం ఊరి బయటి బావులు. షామియా దగ్గర, తర్వాత హవల్లీ దగ్గర తవ్విన బావుల్లో కాస్త తియ్యని నీరు పడేది. ఎడారిలో వాననీరు ఇసుకలోకి ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద పలుచని పొరలా తేలుతుంది. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక కావడమే దానికి కారణం. ఎక్కువ తోడితే పొర చిరిగి ఉప్పు పైకొస్తుంది. మన కోస్తా జిల్లాల్లో సముద్రం పక్కన బోరు వేసుకున్న రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఊరు పెరిగింది, బావులు చాలలేదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కువైట్ నావికులు కొత్త వ్యాపారం మొదలుపెట్టారు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి పారే షట్ అల్ అరబ్ దాకా ఖాళీ పడవలతో వెళ్లి, చెక్క తొట్టెల నిండా నదినీరు నింపుకుని తిరిగొచ్చేవారు. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. గాలి ఎదురైతే పడవ ఆలస్యం, పడవ ఆలస్యమైతే ఊరికి దాహం. రేవులో దించిన నీటిని మేక తోలు సంచుల్లో గాడిదల మీద కొందరు, భుజాన కావడి వేసుకుని రెండు డబ్బాల్లో కొందరు ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారు. ఆ కావడి మోసేవారిని కందరీ అనేవారు. చాలామంది ఇరాన్ తీరం నుంచి బతుకుతెరువుకు వచ్చినవారే. ఆ మాట నేటికీ కువైట్‌లో ఇంటిపేరుగా నిలిచి ఉంది. 1939లో ఈ నీటి పడవల వ్యాపారాన్ని ఒక కంపెనీ కిందికి తెచ్చి, తీరాన నిల్వ తొట్లు కట్టారు. అంటే ఒక దేశపు నీటి సరఫరా వ్యవస్థ మొదట ఓడల కంపెనీగా పుట్టింది.

దీన్ని వింతగా చూడనక్కర్లేదు. 2016లో లాతూర్‌కు మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చాం. 2019 జులైలో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైలు ట్రిప్పుకు 25 లక్షల లీటర్ల చొప్పున మోసింది. పడవకు బదులు రైలు, అంతే తేడా.

1946లో కువైట్ చమురు ఎగుమతి మొదలైంది. అక్కడి నుంచి కథ వేగం పుంజుకుంటుంది. చమురు బావుల్లోంచి నూనెతో పాటు సహజ వాయువు కూడా వస్తుంది. అప్పట్లో దాన్ని కొనేవాడు లేడు, గాలిలో తగలబెట్టేవారు. అదే వాయువుతో సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లబరిస్తే? 1951లో చమురు కంపెనీ తన అవసరాలకు ఒక చిన్న ప్లాంటు పెట్టుకుంది. 1953లో ప్రభుత్వం షువైఖ్ తీరాన రోజుకు 10 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 45 లక్షల లీటర్లు తయారుచేసే ప్లాంటు తెరిచింది. నీటి పడవల కాలం అక్కడితో ముగిసింది.

ఇక్కడ భౌతికశాస్త్రం కాస్త చూడాలి, ఎందుకంటే నా వాదనంతా దీని మీదే నిలబడింది. మరుగు స్థానానికి చేరిన ఒక లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 22.6 లక్షల జౌళ్ల శక్తి కావాలి. ఇదే బాష్పీభవన గుప్తోష్ణం. ఒక లీటరు నీటిని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి పది జౌళ్లు కూడా అక్కర్లేదు. భాగించి చూడండి: ఒక లీటరును ఆవిరి చేసే శక్తితో అదే లీటరును 230 కిలోమీటర్ల ఎత్తుకు లేపవచ్చు. ఆకాశంలోకి, మేఘాలు దాటి, అంతరిక్షపు అంచు దాటి! నీటి అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది. సూర్యుడు ఈ పనిని రోజూ ఉచితంగా చేసి మనకు వాన పంపుతున్నాడు గనుక దాని ఖరీదు మనకు తెలియదు.

అందుకే తొలినాటి ప్లాంట్లు ఇంధనాన్ని విపరీతంగా తినేవి. మరో తలనొప్పి పొలుసు. బోరు నీళ్లు కాచే ఇమ్మర్షన్ రాడ్ మీద తెల్లగా పేరుకునే పెంకు చూసే ఉంటారు. అక్కడ సముద్రపు నీటిలో మునిగిన గొట్టాల మీద అదే పేరుకుని వేడిని అడ్డుకునేది. మాటిమాటికీ ఆపి గీకాల్సిందే. ఈ రెండు సమస్యలకూ జవాబు షువైఖ్‌లోనే పెద్ద ఎత్తున రూపుదిద్దుకుంది. 1957లో నాలుగు అంచెల ప్లాంటు వచ్చింది. అదే కాలంలో రాబర్ట్ సిల్వర్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త అంచెల సంఖ్యను బాగా పెంచితే ఇంధనం ఎంత మిగులుతుందో చూపించాడు. ఆ పద్ధతిలో 1960లో షువైఖ్‌లో పెద్ద ప్లాంట్లు పనిలోకి వచ్చాయి. సిల్వర్‌కు 1968లో యునెస్కో సైన్స్ బహుమతి దక్కింది.

పద్ధతి వంటింట్లో అర్థమయ్యేదే. ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. ఆ ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే లోపలి నీరు భగ్గున ఆవిరవుతుంది. వేడి ఉప్పునీటిని ఒక గదిలోకి, అక్కడి నుంచి ఇంకాస్త తక్కువ ఒత్తిడి ఉన్న మరో గదిలోకి, ఇలా వరసగా పంపుతూ పోతే ప్రతి గదిలోనూ కొంత నీరు ఆవిరవుతుంది. కొత్తగా వేడి పెట్టనక్కర్లేదు. మరగడం గొట్టం మీద కాకుండా గదిలో జరుగుతుంది కనుక పొలుసు బెడద తగ్గింది. ఆ ఆవిరి ఎదురుగా వస్తున్న చల్లని సముద్రపు నీటి గొట్టాలను తాకి నీరుగా మారుతూ, తన వేడిని ఆ నీటికే ఇచ్చేస్తుంది. అంటే పెట్టిన వేడినే మళ్లీ మళ్లీ వాడుకోవడం. మంచి ప్లాంటు ఇలా గుప్తోష్ణాన్ని ఎనిమిది, పది సార్లు తిప్పి వాడుతుంది. గల్ఫ్ నగరాలన్నీ కొన్ని దశాబ్దాల పాటు ఈ యంత్రాల మీదే పెరిగాయి.

ఇంతవరకూ చెప్పి "ఎడారిని జయించిన విజ్ఞానం" అని ముగిస్తే చక్కని వ్యాసమవుతుంది. అలాంటివి చాలా వచ్చాయి. కానీ వాటిలో ఒక ప్రశ్న ఉండదు. మరిగించడం ఇంత ఖరీదైన పని అయితే, వంద కిలోమీటర్ల అవతల నది ఉండగా గొట్టం వేసుకోలేదెందుకు?

గొట్టంలో నీరు పారేటప్పుడు రాపిడికి పోయే శక్తి కిలోమీటరుకు రెండు మీటర్ల ఎత్తు లేపినంత అనుకున్నా, వంద కిలోమీటర్లకు 200 మీటర్లు. వెయ్యి లీటర్లకు ఒక యూనిట్ కరెంటు దాటదు. మరిగించడంతో పోల్చే ప్రశ్నే లేదు. ఇది కువైట్ వారికి తెలియక కాదు. 1950ల తొలినాళ్లలోనే షట్ అల్ అరబ్ నుంచి పైపులైన్ వేసే పథకాన్ని ఇంజినీర్లు లెక్కలతో సహా పరిశీలించారు. అది ముందుకు సాగలేదు. నీటి కుళాయి ఇరాక్ చేతిలో ఉంటుందన్న భయం ఉత్తదేమీ కాదు. 1961 జూన్‌లో కువైట్ స్వతంత్రమైన కొద్ది రోజులకే అది తమ భూభాగమని ఇరాక్ ప్రకటించింది. 1990లో సైన్యంతోనే వచ్చింది. ఆ గొట్టం వేసి ఉంటే దాని గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

కాబట్టి కువైట్ షువైఖ్‌లో కొనుక్కున్నది నీటిని మాత్రమే కాదు, పొరుగువాడి దయ మీద బతకనక్కర్లేని స్థితిని. దానికి ధర చమురుతో, వాయువుతో చెల్లించింది. ఆ నిర్ణయం తప్పని నేను అనను. వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. అయితే ఆ స్వేచ్ఛ కూడా పూర్తిది కాదు. 1991 జనవరిలో యుద్ధం మధ్య గల్ఫ్‌లోకి లక్షల పీపాల చమురు వదిలినప్పుడు, ఆ తెట్టు దక్షిణంగా సాగి సౌదీ ప్లాంట్ల నీటి ముఖద్వారాల వైపు కదిలింది. తేలే అడ్డుకట్టలు కట్టి వాటిని కాపాడుకోవాల్సి వచ్చింది. కువైట్ సొంత ప్లాంట్లు కూడా ఆ యుద్ధంలో దెబ్బతిన్నాయి. నది ఎండితే ఊరికి కొన్ని నెలల ముందే తెలుస్తుంది. తీరంలోని నాలుగైదు ప్లాంట్ల మీద ఆధారపడిన ఊరికి గడువు నిల్వ తొట్ల పరిమాణమంత. కువైట్ టవర్స్ అని మనవాళ్లు ముందు నిలబడి ఫొటోలు దిగే ఆ నీలి గోళాలు అసలు నీటి ట్యాంకులే. 1979లో ప్రజలకు తెరిచిన ఆ మూడింటిలో 187 మీటర్ల ప్రధాన టవర్‌లో 4,500 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. రెండోది కూడా నీటిదే. మూడోదానిలో మాత్రం నీళ్లుండవు, అది దీపాల కోసం. ఊరంతా మరో 31 పుట్టగొడుగు ఆకారపు ట్యాంకులు కట్టారు. ఒక దేశం తన భయాన్ని ఇంత అందంగా కట్టుకోవడం నాకు భలే నచ్చుతుంది.

ఇప్పుడు కువైట్ తాగునీటిలో 90 శాతానికి పైగా సముద్రం నుంచే. మనిషికి రోజుకు 450 లీటర్ల దాకా వాడకం, ప్రపంచంలోనే అతి ఎక్కువ వాడే దేశాల్లో ఒకటి. మన పట్టణాల ప్రమాణం 135 లీటర్లు. వానే లేని చోట ఇంత వాడకం ఎలా? తయారీ ఖర్చులో చిన్న వంతే బిల్లుగా వస్తుంది, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. కుళాయిలో పారేది ఒక రకంగా చమురే. చమురు లేని దేశం ఈ నమూనాను తెచ్చుకుంటే మిగతాది ఎవరు భరిస్తారు?

"ఇప్పుడు మరిగించనక్కర్లేదు, ఆర్వో వచ్చిందిగా" అనవచ్చు. నిజమే, ఆర్వోలో ఆవిరి లేదు. పొర గుండా నీటిని బలంగా తోయడమే. సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 27 రెట్లు. దాన్ని దాటి తోస్తేనే మంచినీరు ఇవతలికి వస్తుంది. మంచి ప్లాంటుకు వెయ్యి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. ఎంత తెలివైన యంత్రం కనిపెట్టినా ఒక యూనిట్‌కు కాస్త అటూ ఇటూ దగ్గర ప్రకృతి గీసిన గీత ఉంది. దాని కిందికి పోలేం. మూడున్నర యూనిట్లంటే, పంపు నష్టాలు తీసేసినా, అదే నీటిని సముద్ర తీరం నుంచి తిరుమల కొండంత ఎత్తుకు ఎక్కించే శక్తి. ఐదుగురి ఇంటికి రోజుకు 135 లీటర్ల లెక్కన చూస్తే దాదాపు రెండు ఫ్రిజ్‌లు రోజంతా తినే కరెంటు, నీళ్ల కోసమే. మోయలేని భారం కాదు. కానీ ఇతర దారులన్నీ మూసుకుపోయాక మోయాల్సిన భారం.

చెన్నై ఆ దారిలోనే వెళ్లింది. మీంజూరు ప్లాంటు 2010లో, నెమ్మేలి 2013లో, ఒక్కొక్కటి రోజుకు 10 కోట్ల లీటర్లు. తెలుగువాళ్లకు ఈ కథలో సొంత పాత్ర ఉంది. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణా నీరు శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా పూండికి చేరాలి. 1996లో తొలిసారి చేరింది. నీరు పల్లానికి పారుతుంది కనుక శక్తి లెక్కలో అది బంగారం లాంటి పథకం. అయినా ఒప్పందంలోని 12 టీఎంసీలూ సరిహద్దు దాటని ఏళ్లే ఎక్కువ. పై రాష్ట్రాల్లో వాన తగ్గితే కింది వాటా తగ్గుతుంది, మధ్యలో కాలువ గండ్లు, మోటార్లు. చెన్నై సముద్రం వైపు తిరగడానికి వెనుక ఉన్నది కువైట్ కారణమే: పైనున్నవాడి మీద నమ్మకం చాలకపోవడం. తేడా ఏమిటంటే, ఇరాక్, కువైట్‌ల మధ్య లేనిది మనకు ఉంది. ఒకే రాజ్యాంగం, ఒకే కోర్టు, ఒకే జలసంఘం. వాటిని పనిచేయించడం కంటే సముద్రాన్ని పొరల గుండా తోయడమే సులువనిపిస్తోందంటే, అది ఇంజినీరింగ్ విజయంగా చెప్పుకోదగ్గ విషయం కాదు.

అయితే చెన్నై చేసిన మరో పని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. 2019లో కోయంబేడు, కొడుంగయ్యూర్‌లలో శుద్ధిచేసిన మురుగునీటిని మళ్లీ ఆర్వోకు పంపి పరిశ్రమలకు అమ్మే ప్లాంట్లు పెట్టింది, ఒక్కొక్కటి రోజుకు 4.5 కోట్ల లీటర్లు. కువైట్ ఇంకా ముందే మేల్కొంది. సులైబియాలో 2000ల మధ్య మొదలైన మురుగునీటి పునరుద్ధరణ ప్లాంటు ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. సముద్రాన్ని మరిగించగలిగిన స్తోమత ఉన్న దేశమే, ఒకసారి అంత ఖర్చుతో చేసిన నీటిని ఒక్క వాడకంతో సముద్రంలో కలిపేయడం దండగని గ్రహించింది. ఆ నీరు అక్కడ పొలాలకు, పచ్చదనానికి పోతుంది.

శక్తి లెక్క చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు, గల్ఫ్‌లో 40 పైమాటే. శుద్ధిచేసిన మురుగునీటిలో గ్రాము చుట్టుపక్కల. ద్రవాభిసరణ పీడనం ఉప్పు గాఢతను బట్టి పెరుగుతుంది కనుక, ఇక్కడ దాటాల్సిన గోడ ఒక వాతావరణ పీడనమంత కూడా ఉండదు. వాసన, రంగు మన ముక్కుకు, కంటికి అడ్డొస్తాయి గానీ పొరకు అడ్డొచ్చేది ప్రధానంగా ఉప్పు. సముద్రం కంటే మన కాలువలోని మురుగే మంచినీటికి దగ్గర. వినడానికి ఇబ్బందిగా ఉన్నా లెక్క అదే.

ఇదంతా సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న భిలాయికి ఎందుకు? ఎందుకంటే మాదీ ఒక పరిశ్రమ కోసం పుట్టి, దూరపు నీటి మీద బతుకుతున్న ఊరే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందమై ఉక్కు కర్మాగారం కడుతున్నప్పుడు కూలీల కోసం వేసిన శిబిరాలే క్యాంప్ 1, క్యాంప్ 2. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే నిలిచిపోయాయి, శిబిరం పోయినా పేరు పోలేదు. ప్లాంటుకు, దాని టౌన్‌షిప్‌కు నీరు తాందులా, గంగ్రేల్ జలాశయాల నుంచి కాలువల్లో మరోదా చెరువులకు వచ్చి అందుతుంది. ఆ కాలువల కింద వరి రైతులున్నారు. వానలు తగ్గిన ఏడు ఆ నీరు పొలానికా, కొలిమికా అన్న ప్రశ్న బాలోద్, దుర్గ్ రైతులకు కొత్త కాదు. క్యాంపు సంగతి వేరు. మేం ప్లాంటు గొట్టం అవతల ఉన్నాం. మాకు నీళ్లిచ్చేది నగరపాలక సంస్థ, శివనాథ్ నది నుంచి. ప్లాంటు కట్టినవాళ్ల మనవలకు ఒక గొట్టం, ప్లాంటులో ఉద్యోగం ఉన్నవాళ్లకు ఒక గొట్టం. కువైట్‌లో కావడి మోసినవాళ్లు గుర్తొస్తే తప్పు నాది కాదు.

ఉక్కు కర్మాగారంలో నీటికి ప్రధానమైన పని చల్లబరచడం. కొలిమి గోడలు, రోలింగ్ మిల్లు, వాయువులు కడిగే టవర్లు. వీటిలో చాలావాటికి నదినీరే కావాలన్న నియమం లేదు. బాగా శుద్ధిచేసిన మురుగునీరు సరిపోతుంది. టన్ను ఉక్కుకు వాడే నీటిని తగ్గించామని సెయిల్ తన వార్షిక నివేదికల్లో చెబుతూ వస్తోంది. అది మంచిదే. ఆ తగ్గింపు ప్లాంటు గోడ లోపలి సంగతి. గోడ బయట రోజూ కాలువల్లో పారిపోతున్న రెండు ఊళ్ల మురుగును శుద్ధిచేసి లోపలికి తీసుకుంటే, అంత మేరకు తాందులా నీరు పొలాలకో, క్యాంపు కుళాయిలకో మిగులుతుంది. ఒక ఇబ్బంది ఉంది, దాచను. మురుగునీటిలోని భాస్వరం, అమ్మోనియా కూలింగ్ టవర్లలో నాచును, తుప్పును పెంచుతాయి. వాటిని ముందే తీసేయాలి, దానికి ఖర్చవుతుంది. కానీ అది తెలిసిన రసాయనం, చెన్నైలో రోజూ జరుగుతున్న పని.

విశాఖ ఉక్కు కర్మాగారానికి ఏలేరు నుంచి 153 కిలోమీటర్ల కాలువ తవ్వి నీరు తెచ్చాం. ఆ నగరంలో నీటి కొరత మాట వచ్చినప్పుడల్లా ఇప్పుడు సముద్రం వైపు చేయి చూపించడం మొదలైంది. తీరం పక్కనే ఉంది కనుక ఆ చూపు సహజమే. ఆ ప్రతిపాదన ఎప్పుడు బల్ల మీదికి వచ్చినా, దాని పక్కన మరో మూడు అంకెలు కూడా పెట్టమని అడగాలి: కాలువలో ఆవిరై, ఇంకి, దొంగతనంగా పోతున్న నీరెంత, నగరపు గొట్టాల్లో కారిపోతున్నదెంత, పరిశ్రమలకు ఇవ్వగలిగిన మురుగునీరు ఎంత సముద్రంలో కలుస్తోంది. ఆ మూడూ కలిపినా చాలకపోతే అప్పుడు షువైఖ్ దారి పట్టవచ్చు. అప్పుడు కూడా వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు, ఆ కరెంటు ఏ బొగ్గుదో, ఏ సౌరశక్తిదో, ఆ బిల్లు ఏ వీధివాళ్లు కడతారో అదే కాగితం మీద రాసి ఉండాలి.